ఇంట్లో గాలం రాడ్ కట్టుకోవాలంటే: పర్లాకిమిడి తమ్ముడికి నా జవాబు

పర్లాకిమిడి తమ్ముడు అడిగింది ఇది: "అన్నయ్యా, గోపాలపురం బీచ్‌లో వేయడానికీ, మా మహేంద్రతనయలో కొరమేను పట్టడానికీ పనికొచ్చేలా ఒక రాడ్ ఇంట్లోనే కట్టుకోవాలని ఉంది. కొన్నదానికన్నా చవగ్గా అవుతుందా? నా దగ్గర మెషీన్లేవీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? దాని మీద నా పేరు రాసుకోవచ్చా?"

నేను బరంపురంలో మిక్సీలు, ఫ్రిజ్‌లు రిపేరు చేస్తాను. రాడ్లు కట్టడం సాయంత్రాల పని, పదమూడు పద్నాలుగేళ్ల నుంచీ ఉంది. తెలిసింది చెబుతాను.

ముందు చేదు మాట. చవగ్గా అవదు. బ్లాంక్, అంటే గైడ్లూ (గాలం తాడు దూరే ఉంగరాలు) పిడీ లేని ఉత్త గొట్టం, దాని ఖర్చే సగం దాటుతుంది. మంచి గైడ్లు, రీలు బిగించే రీల్ సీటు, గైడ్లు కట్టే దారం, ఎపాక్సీ జిగురు, కొరియరు అన్నీ కలిపితే కొట్లో అదే ధరకు తయారు రాడ్ చేతిలో పెడతారు. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టినవాళ్లు సగంలో వదిలేశారు. నీ చెయ్యి పొడవుకు, నువ్వు నిలబడే నీళ్లకు సరిపోయేది కావాలనుకుంటే మాత్రం మొదలుపెట్టు.

రెండో చేదు మాట. రెంటికీ ఒకే రాడ్ అంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. గోపాలపురం ఇసుకలో నిలబడి మొదటి కెరటాల వరస దాటించి సీసం గుండు విసరాలంటే 11, 12 అడుగుల రాడ్ కావాలి. అది 100 గ్రాముల బరువును తడుముకోకుండా విసరాలి. తంగూసును, అంటే గాలం తాడును, కెరటం మీదుగా ఎత్తి పట్టుకోవడానికీ ఆ పొడవే కావాలి. నీ ఊరి కొరమేనుది వేరే లెక్క. తూటికాడల మధ్య రబ్బరు కప్పను పడేస్తావు, అది నోట కరిచిన మరుక్షణం కలుపులోకి దూరకుండా లాగేయాలి. దానికి 7 అడుగులు చాలు, కానీ మొదలు గట్టిగా ఉండాలి. 12 అడుగుల కర్రతో రేగుచెట్టు కింద నిలబడి కప్పను విసిరి చూడు, తెలుస్తుంది. కాబట్టి ముందు కొరమేను రాడ్ కట్టు. చిన్నది, తప్పు చేసినా నష్టం తక్కువ. సముద్రం రాడ్ వచ్చే ఏడు.

నిజానికి అంతకన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. మీ ఇంట్లోనో స్నేహితుడి ఇంట్లోనో గైడు ఊడిపోయిన పాత రాడ్ ఒకటి మూలన పడి ఉంటుంది. దాన్ని విప్పి మళ్లీ కట్టు. కొత్త బ్లాంక్ మీద చేయబోయే తప్పులన్నీ దాని మీద చేసేయ్. విప్పేటప్పుడు బ్లేడును గైడు పాదం (దారం కింద ఉండే దాని కాలు) పైన మాత్రమే నడుపు, కింద ఇనుము ఉంటుంది కాబట్టి భయం లేదు. పాదం దాటి కార్బన్ మీద బ్లేడు గీత పడిందంటే, ఆరు నెలల తర్వాత చేప బరువుకు రాడ్ సరిగ్గా ఆ గీత దగ్గరే విరుగుతుంది. దారం తెగాక హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేస్తే ఎపాక్సీ మెత్తబడి గోటికి వస్తుంది.

ఇక బ్లాంక్. కొట్లో రెండు మాటలు వింటావు: పవర్, యాక్షన్. వంచడానికి ఎంత బలం కావాలన్నది పవర్. ఎక్కడ వంగుతుందన్నది యాక్షన్. ఫాస్ట్ అంటే కొస వైపు మూడో వంతే వంగుతుంది, స్లో అంటే పిడి దాకా వంగుతుంది. కొరమేనుకు హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ తీసుకో. కార్బన్ తేలిక, చురుకు, కానీ రాయికి కొట్టుకుంటే ఓర్చుకోదు. గ్లాస్ ఫైబర్ బరువు, మొద్దు, కానీ బస్సు పైన వేసినా బతుకుతుంది. నేర్చుకునే చేతికి గ్లాసే మంచిదని నా అభిప్రాయం. పేరు గొప్ప కోసం కార్బన్ కొనకు. తెప్పించుకునేటప్పుడు పీవీసీ పైపులో పెట్టి పంపమని అడుగు. ఒకసారి నాకు అట్టపెట్టెలో పంపారు, విప్పేసరికి కొస రెండు ముక్కలు. తిరిగి పంపడానికి పట్టిన రోజుల్లో ఇంకో రాడ్ కట్టేవాడిని.

బ్లాంక్ వచ్చాక చాలామంది "స్పైన్" గురించి భయపెడతారు. కార్బన్ గుడ్డను ఇనుప కడ్డీకి చుట్టి కాల్చి బ్లాంక్ చేస్తారు. గుడ్డ అంచులు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట ఒక పక్క కాస్త గట్టిగా ఉంటుంది, స్పైన్ అనేది అదే. మొదలును నున్నటి గచ్చు మీద ఆనించి, కొసను ఒక చేత్తో పట్టుకుని, మధ్యలో అరచేత్తో నొక్కి దొర్లిస్తే ఒక చోట గబుక్కున తిరిగి కూర్చుంటుంది. ఆ గీత మీదే గైడ్లు కట్టాలని పాతవాళ్లు పట్టుబడతారు. నేను ఇప్పుడు పట్టించుకోను. చేప లాగినప్పుడు రాడ్ చేతిలో తిరగడానికి కారణం ఎక్కువగా గైడ్లు పైన ఉండడమే. స్పిన్నింగ్ రీలుకు గైడ్లు కిందే ఉంటాయి, బరువు వాటిని ఇంకా కిందికే లాగుతుంది, ఇంక తిరిగేదేముంది? నేను చూసేది బ్లాంక్ వంపు. ప్రతి బ్లాంకూ వెంట్రుకవాసి వంకరగా ఉంటుంది. కొస పైకి లేచేలా పట్టుకుని గైడ్లు కింద కడితే, వాటి బరువుకు అది తిన్నగా కనిపిస్తుంది.

పిడి పొడవుకు స్కేలు వద్దు. కొరమేను రాడ్‌కు రీలు పట్టుకుని మోచెయ్యి మడిస్తే, రాడ్ మొదలు మోచేతిని కొంచెమే దాటాలి. ఎక్కువ దాటితే చొక్కాకు తగులుకుంటుంది. సముద్రం రాడ్‌కు చంక నుంచి చాచిన పిడికిలి దాకా కొలుచుకో, రీలు అక్కడ. కార్క్ దొరకడం మనకు కష్టం. నా మొదటి రెండు రాడ్లకు హవాయి చెప్పుల అడుగులు గుండ్రంగా కోసి, మధ్యలో చిల్లు వేసి, వరసగా అతికించి, గరుకు కాగితంతో నున్నగా చేశాను. నీలం, తెలుపు చారలు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని చెప్పుల రాడ్ అనే అంటుంది. తడి చేత్తో పట్టుకుంటే కార్క్ కన్నా బాగా నిలుస్తుంది మరి.

నీది పర్లాకిమిడి కాబట్టి ఒక ఈర్ష్య చెబుతాను. మీ ఊళ్లో కొమ్ము పనివాళ్లు ఉన్నారు. గేదె కొమ్మును వెచ్చచేసి వంచి కొంగలూ రొయ్యలూ చేసేవాళ్లకు ఒక ఉంగరం తిప్పడం ఎంతసేపు? పిడి ముగిసి బ్లాంక్ మొదలయ్యే చోట ఒక రింగు వస్తుంది, మొదలుకు ఒక టోపీ వస్తుంది. ఈ రెండూ కొమ్ముతో చేయించుకో. లోపలి చుట్టుకొలత నోటితో చెప్పకు, బ్లాంక్‌నే తీసుకెళ్లి చూపించు.

రీల్ సీటు లోపలి రంధ్రం బ్లాంక్ కన్నా పెద్దది. ఆ ఖాళీని మాస్కింగ్ టేపు ఉంగరాలతో నింపి, ఉంగరానికీ ఉంగరానికీ మధ్య అర అంగుళం వదిలి, ఆ వదిలిన చోట ఎపాక్సీ నింపమని అందరూ చెబుతారు. నేనూ అలాగే చేశాను. టేపు అంచులకు ఎపాక్సీ పూయలేదు. రెండు సీజన్లు బాగానే ఉంది. మూడో ఏడు బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మంచి పండుగొప్ప పడింది, రీలు చేతిలో గిర్రున పక్కకు తిరిగిపోయింది. ఉప్పునీళ్లు లోపలికి దూరి టేపు గుజ్జయింది. చేప కాసేపు నన్ను చూసి పోయింది. అప్పటి నుంచీ టేపు మానేశాను. జిప్సమ్ బోర్డు అతుకులకు వాడే గ్లాస్ వల టేపు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది, దాన్ని ఎపాక్సీలో తడిపి చుడితే రాయి అవుతుంది. జిగురుకు రాత్రంతా గట్టిపడే రకం ఆరాల్డైట్ తీసుకో, అయిదు నిమిషాల రకం వద్దు. తొందరగా గట్టిపడేది పెళుసు, నీటికి ఓర్వదు.

కొస గైడును మాత్రం ఎప్పుడూ ఎపాక్సీతో అతికించకు. హాట్ గ్లూ కడ్డీ కరిగించి ఒక బొట్టు పెట్టు చాలు. ఎప్పుడో ఒకప్పుడు ఆటో తలుపులో పడి అదే ముందు విరిగేది. అప్పుడు లైటరు సెగ చూపిస్తే ఊడి వస్తుంది.

రాడ్‌కు ప్రాణం గైడ్లు ఎక్కడ కూర్చున్నాయన్నదే. ఇక్కడ తొందరపడితే ఎంత ఖరీదైన బ్లాంకైనా వెదురు కర్రే. పొట్టి రాడ్‌కు అడుగుకొక గైడు, పైన కొసది అదనం అన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క. 7 అడుగుల దానికి మొదటి పెద్ద గైడు రీలు నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర పెట్టు, తర్వాతవి కొస వైపు పోయేకొద్దీ దగ్గర దగ్గరగా రావాలి. సముద్రం రాడ్‌కైతే మొదటిది 90 దగ్గర మొదలుపెట్టి చూసుకో. రీలు నుంచి తంగూసు వెడల్పాటి చుట్టలుగా ఊడి వస్తుంది. ఆ చుట్టలను మెల్లిగా ఇరుకు చేసి తిన్నని గీతలా చేయడం మొదటి రెండు మూడు గైడ్ల పని. ఒక్కసారిగా ఇరుకు చేస్తే తంగూసు గైడుకు కొట్టుకుంటుంది, దూరం పోదు.

ఇవి కాగితం లెక్కలు. అసలు పరీక్ష వేరే. పాత సైకిల్ ట్యూబును సన్నని ఉంగరాలుగా కోసి, వాటితో గైడ్లను తాత్కాలికంగా బ్లాంక్‌కు కట్టు. రాడ్ మొదలును మంచం కోడుకో కిటికీ చువ్వకో గుడ్డ వేసి బిగించు. తంగూసును గైడ్లన్నిటి గుండా లాగి, కొసన నీళ్ల సీసా వేలాడదీయి. సీసాలో నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ వంపు చూడు. తంగూసు బ్లాంక్ వంపు వెంటే పోవాలి. ఎక్కడైనా రెండు గైడ్ల మధ్య తాడు బిగించినట్టు అడ్డంగా కోసుకుపోతే అక్కడ గైడు చాలలేదని, లేదా దూరమైందని. ఒక గైడు దగ్గర తంగూసు చటుక్కున విరిగినట్టు మలుపు తిరిగితే బరువంతా దాని మీదే పడుతోందని. ఒక సెంటీమీటరు జరుపు, మళ్లీ చూడు. నాకు ఇప్పటికీ దీనికి రెండు సాయంత్రాలు పడుతుంది. తర్వాత ట్యూబు ఉంగరాల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి మైదానానికి తీసుకెళ్లి, గాలం ముల్లు లేకుండా ఉత్త బరువు కట్టి విసిరి చూడు. ఎవరూ లేని చోట. ఊడిన గైడు, తెగిన గుండు మనుషులకు తగిలితే సరదా కాదు.

చోట్లు కుదిరాక తెల్ల పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, ప్రతి గైడు పాదం కొసను సన్నటి ఆకురాయితో పలచగా అరగదీయి. అట్లకాడ అంచులా ఉండాలి. లేకపోతే దారం ఆ మెట్టు ఎక్కలేక సందు వదులుతుంది, ఆ సందులోకి నీళ్లు పోతాయి.

దారం చుట్టడానికి మెషీను లేదని దిగులు పడకు. నాకూ లేదు. ఒక అట్టపెట్టెకు రెండు పక్కలా వి ఆకారంలో కోసి, ఫ్లానెల్ గుడ్డ అతికించి, దాని మీద రాడ్ పెట్టి చేత్తో తిప్పుతాను. దారం బిగువుకు పాత పంచాంగాల కట్ట ఉంది. దారాన్ని పేజీల మధ్యలోంచి లాగి, పైన ఇస్త్రీపెట్టె పెడితే టెన్షన్ సరిగ్గా కుదురుతుంది. మొదటి అయిదారు చుట్లు దారం తన కొస మీద తనే ఎక్కేలా చుట్టి, మిగిలిన కొసను కత్తిరించు. పాదం పలచటి వైపు నుంచి ఎత్తు వైపుకు ఎక్కు. చివర పది చుట్లు ఉండగా వేరే దారపు మడతను ఉచ్చులా కింద పెట్టి దాని మీదుగా చుట్టెయ్. తర్వాత దారం కొసను ఆ ఉచ్చులో దూర్చి ఉచ్చును లాగితే కొస చుట్ల కిందికి వెళ్లిపోతుంది. ముడి ఎక్కడా ఉండదు. చుట్ల మధ్య సందులుంటే ప్లాస్టిక్ పెన్ను మూతతో రుద్దితే దగ్గరకొస్తాయి. బిగువు ఎంతంటే, చుట్టాక కూడా బొటనవేలితో నెడితే గైడు కొద్దిగా జరగాలి. ఎందుకంటే అన్నీ అయ్యాక కొస వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే ఒకటో రెండో పక్కకు ఉండి తీరుతాయి.

దారం సంగతి చెప్పేటప్పుడు మా ఊరి గొప్ప కాస్త చెప్పుకోనీ. బయట రాడ్ కట్టేవాళ్లు నైలాన్ దారం వాడతారు, సన్నదాన్ని ఎ సైజు అనీ లావుదాన్ని డి సైజు అనీ అంటారు. నైలాన్ రాక ముందు, వెదురు బద్దలు ఆరు అతికించి రాడ్లు చేసే కాలంలో పట్టు దారమే చుట్టేవాళ్లు. బరంపురంలో పట్టుకు కరువా? ఇక్కడ పట్టు నేసే ఇళ్లలో చాలావాటిలో మాట తెలుగే. మా వీధి చివర ఒక నేత తాతను పట్టుకుని కాస్త పట్టు దారం అడిగాను. దేనికని అడిగాడు, చేపలకని చెప్పాను, చాలాసేపు నవ్వాడు. తర్వాత ఒక మంచి మాట చెప్పాడు: పేక దారం తీసుకోకు, దానికి పురి ఉండదు, పీచు లేస్తుంది. పడుగు దారం తీసుకో, పురి ఉంటుంది, బిగువుకు నిలుస్తుంది. అదే నిజమైంది. కానీ పడుగు దారం బాగా సన్నం, నైలాన్‌తో పావుగంటలో అయ్యే గైడు దీనికి గంట తింటుంది. ఇంకో సంగతి, పట్టు ఎపాక్సీ తాగగానే రంగు మారిపోతుంది. ఎర్రటి ఎరుపు నల్లద్రాక్ష రంగైపోయింది నాకు. రంగు నిలవాలంటే కలర్ ప్రిజర్వర్ అనే నీళ్లలాంటి పూత రెండుసార్లు వేసి, బాగా ఆరాక ఎపాక్సీ వేయాలి. మా పట్టుచీర అంచులో వచ్చే ఫోడా కుంభ, అంటే గుడి గోపురాల్లా వరసగా లేచే మొనలు, వాటిని పిడి ముందు దారంతో తేవాలని మూడుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు రంపంలా వచ్చింది. మూడోది పర్వాలేదు.

ఇక అందరూ చెడగొట్టేది ఎపాక్సీ పూత. దారం మీద గాజులా మెరిసేది అదే. రెండు సీసాలు, సమానంగా కలపాలి. సమానం అంటే కంటికి సమానం కాదు. ఒక్కో సీసాకు ఒక్కో సిరంజి పెట్టుకుని కొలువు. రబ్బరు పిస్టన్ ఉన్న మందుల సిరంజిల్లో కొన్నిటికి సిలికాన్ నూనె ఉంటుంది, అది కలిసిందంటే పూత మీద చేపకళ్లలా గుంటలు పడతాయి. రబ్బరు లేని రకం వాడు. నిమిషాలు చూసుకుని మూడు నాలుగు నిమిషాలు మెల్లిగా కలిపి, వెంటనే వెండి రేకు కాగితం మీద పోసేయ్. గిన్నెలో ఉంచితే తన వేడికి తనే తొందరగా గట్టిపడుతుంది, రేకు మీద పలచగా పరుచుకుంటే బుడగలూ పోతాయి, నీకు టైమూ దొరుకుతుంది.

నా మొదటి రాడ్‌కు శ్రావణంలో పూత వేశాను. బయట ముసురు. పొద్దున్నకి తెల్లగా మబ్బు పట్టినట్టుంది, ముట్టుకుంటే జిడ్డు. గాలిలోని తేమ గట్టిపరిచే రసాయనంతో కలిస్తే అలా అవుతుంది. సముద్రం పక్కన బతికే మనకు ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. అందుకే నేను కట్టడం ఎప్పుడైనా కడతాను గాని, పూత మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే, ఎండగా ఉన్న మధ్యాహ్నం వేస్తాను. తప్పదనుకుంటే పెద్ద అట్టపెట్టెలో పాతకాలపు 60 వాట్ల బల్బు వెలిగించి లోపల ఆరబెట్టు, ఎల్ఈడీ వేడెక్కదు. రెండు రోజులైనా అంటుకుంటూనే ఉంటే కొలత తప్పిందని అర్థం. గీకేయక్కర్లేదు, సరిగ్గా కలిపిన పలచటి పూత దాని మీద ఇంకోటి వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

పూత వేశాక రాడ్ తిరుగుతూ ఉండాలి, లేకపోతే కిందికి జారి బొడ్డులా వేలాడుతుంది. చేత్తో అయితే మొదటి గంట అయిదు నిమిషాలకోసారి, తర్వాత పావుగంటకోసారి సగం చుట్టు తిప్పాలి. మూడు గంటల కూలి. పాడైన మైక్రోవేవ్‌లో పళ్లెం తిప్పే మోటారు నిమిషానికి అయిదారు చుట్లు తిరుగుతుంది, దానికి కట్టి వదిలేయొచ్చు. కానీ వాటిలో 220 వోల్టులవీ ఉంటాయి, 21 వోల్టులవీ ఉంటాయి. మోటారు మీద రాసింది చదవకుండా ప్లగ్గు పెట్టకు, నా షాపుకు అలా కాల్చుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. ఒక్క లావు పూత కన్నా రెండు పలచనివి అందం. రెండు ముక్కల రాడ్ అయితే, ఒకదానిలోకి ఒకటి దూరే చోట ఆడ వైపు నోటికి దారం చుట్టి పూయడం మరిచిపోకు, లేకపోతే అక్కడ నిలువునా చీలుతుంది.

పూత అయ్యాక వారం రోజులు ఆగు. ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది, అయినా ఆగు.

రెండు జాగ్రత్తలు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. వేసవి సాయంత్రం కాలబైశాఖి మబ్బు లేచినప్పుడు 12 అడుగుల కార్బన్ కర్ర ఎత్తి ఇసుకలో నిలబడ్డావంటే పిడుగుకు దారి చూపించినట్టే. చెరువు గట్ల మీద కరెంటు తీగలకూ అలాగే దూరంగా ఉండు. ఇంకొకటి, గంజాం వైపు వచ్చినప్పుడు ఋషికుల్య మొగకు పోకు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ ముందు 20 కిలోమీటర్ల సముద్రంలో చేపల వేట నిషేధం. ఇసుకలోంచి వేసేవాడిని నాకేమిటని వాదించకు, గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు రెక్కకు నీ ముల్లు తగులుకోవచ్చు. గోపాలపురంలో మన తెలుగు జాలారులను అడిగితే ఏ వారం ఎక్కడ గుంట పడింది, ఏ పోటుకు చేప దగ్గరకొస్తుంది చెబుతారు. వాళ్ల వల పడ్డ చోట మాత్రం గాలం వేయకు.

ఆఖర్న నీ పేరు. రాసుకోవచ్చు, పిడి ముందు, మొదటి పూతకూ రెండో పూతకూ మధ్య. మామూలు మార్కరుతో రాస్తే ఎపాక్సీలో ఇంకు కరిగి పారిపోతుంది. బంగారు రంగు పెయింటు పెన్నుతో రాసి, ఒక రోజు ఆరనిచ్చి, పైన కలర్ ప్రిజర్వర్ ఒక చుక్క రాసి, అప్పుడు రెండో పూత వేయి. ముందు రాడ్ చేత్తో పట్టుకుని అక్షరాలు ఎటు తిన్నగా కనిపిస్తాయో చూసుకుని రాయి, లేకపోతే పట్టుకున్నప్పుడు అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. నా చదువంతా ఒడియాలో, తెలుగు మా నాన్న పలక మీద నేర్పిందే. అందుకని ముందు కాగితం మీద పదిసార్లు రాసుకుని, పదకొండోసారి రాడ్ మీద రాశాను. అయినా ఒత్తు కాస్త పక్కకు జారింది. గైడ్లు తాత్కాలికంగా కట్టి సీసా వేలాడదీసినప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు, షాపు మూశాక చూసి ఏది జరపాలో చెబుతాను. దానికి ముందు దారం ముట్టుకోకు.